కార్బన్ పన్నా, కార్బన్ మార్కెట్టా: ఉద్గారాలకు ధర కట్టే దారుల్లో ఏది ఎవరికి నప్పుతుంది?

స్వచ్ఛమైన సున్నపురాయిని వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. బొగ్గు మానేసి సౌర విద్యుత్తుతో బట్టీ నడిపినా ఆ 44 కిలోలు ఆగవు, ఎందుకంటే అవి రాయిలోంచే వస్తున్నాయి. దాచేపల్లి, జగ్గయ్యపేట, మట్టంపల్లి, ఎర్రగుంట్ల, తాండూరు ప్రాంతాల్లోని సిమెంటు ఫ్యాక్టరీలన్నిటిదీ ఇదే పరిస్థితి. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్‌లో సగానికి పైగా ఇలా రాయి నుంచి వచ్చేదే. తక్కినది ఇంధనం వల్ల వస్తుంది.

ఈ ఫ్యాక్టరీల మీద ఇప్పుడు కొత్త లెక్క వచ్చి పడింది. 2025 అక్టోబరులో కేంద్రం సిమెంటు, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ), కాగితం రంగాల్లోని 282 యూనిట్లకు ఉద్గార లక్ష్యాలు ప్రకటించింది. అందులో 186 సిమెంటు యూనిట్లే. లక్ష్యం కంటే మెరుగ్గా చేసినవారికి కార్బన్ క్రెడిట్లు వస్తాయి, వెనకబడినవారు వాటిని కొనుక్కోవాలి. మరోవైపు 2026 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ తన సరిహద్దు దగ్గర ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి దిగుమతులపై కార్బన్ సుంకానికి లెక్క కట్టడం మొదలుపెట్టింది. ఉద్గారాలకు ధర కట్టాలా వద్దా అన్న చర్చ దాదాపు ముగిసినట్టే. ఎలా కట్టాలి, ఆ డబ్బు ఎవరికి చేరాలి అన్నదే ఇక తేలవలసింది.

దారులు స్థూలంగా నాలుగు: నేరుగా నిబంధన పెట్టడం, పన్ను వేయడం, మొత్తం ఉద్గారాలకు పరిమితి పెట్టి అనుమతులను మార్కెట్లో వదలడం, టన్ను ఉత్పత్తికి ఇంత అని లక్ష్యం పెట్టి క్రెడిట్ల వ్యాపారం నడపడం. మనది నాలుగోది. ఐదోదిగా చెట్ల పెంపకం వంటి ఆఫ్‌సెట్‌లు, అంటే ఇంకోచోట కార్బన్ తగ్గించినందుకు ఇచ్చే క్రెడిట్లు, పక్కన ఉన్నాయి. వాటి గురించి చివర్లో చెబుతాను.

## ముందు చూడవలసినవి

పద్ధతి పేరు చూసి ఇష్టపడటమో భయపడటమో చేయకుండా ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. మొత్తం ఉద్గారాలు తప్పకుండా తగ్గుతాయా? టన్ను తగ్గించడానికి సమాజం మొత్తంగా పెట్టే ఖర్చు ఎంత? పెట్టుబడి పెట్టేవాడికి రేపటి ధర ముందుగా తెలుస్తుందా? కొలిచే, తనిఖీ చేసే సత్తా ప్రభుత్వానికి ఉందా? వసూలైన డబ్బు ఎవరి చేతికి వెళుతుంది?

ఈ ఐదింటిలో చివరిదే అసలు గొడవ అని నా నమ్మకం. పుస్తకాల్లో మొదటి మూడింటికే చోటు ఎక్కువ. ఎన్నికల్లో ప్రభుత్వాలను దించింది మాత్రం ఐదోదే.

## ఒక లెక్క వేసి చూద్దాం

రెండు ఊహాజనిత సిమెంటు యూనిట్లు తీసుకుందాం. రెండూ ఏటా చెరో 10 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయి. మొత్తం మీద 2 లక్షల టన్నులు తగ్గాలి. మొదటి యూనిట్ పక్కనే థర్మల్ కేంద్రం ఉంది, కాల్చిన సున్నపురాయికి బదులు సిమెంటులో కలపడానికి బూడిద చవకగా దొరుకుతుంది. కాబట్టి టన్ను తగ్గించడానికి దానికి రూ. 600 చాలు. రెండో యూనిట్‌లో చవక పనులన్నీ ఇదివరకే అయిపోయాయి, ఇంకో టన్ను తగ్గించాలంటే రూ. 2,000 అవుతుంది. మార్కెట్ ధర లేదా పన్ను టన్నుకు రూ. 1,000 అనుకుందాం.

| పద్ధతి | మొదటి యూనిట్ భారం | రెండో యూనిట్ భారం | తగ్గింపుకు అయిన అసలు ఖర్చు | ఖజానాకు |
|---|---|---|---|---|
| ఇద్దరూ చెరో లక్ష తగ్గించాలన్న నిబంధన | రూ. 6 కోట్లు | రూ. 20 కోట్లు | రూ. 26 కోట్లు | సున్నా |
| మార్కెట్, అనుమతులు ఉచితం | రూ. 2 కోట్లు | రూ. 10 కోట్లు | రూ. 12 కోట్లు | సున్నా |
| మార్కెట్, అనుమతులన్నీ వేలం | రూ. 92 కోట్లు | రూ. 100 కోట్లు | రూ. 12 కోట్లు | రూ. 180 కోట్లు |
| పన్ను | రూ. 92 కోట్లు | రూ. 100 కోట్లు | రూ. 12 కోట్లు | రూ. 180 కోట్లు |

రెండో వరుస ఎలా వచ్చిందంటే: మొదటి యూనిట్ తన వాటా లక్ష కాకుండా 2 లక్షల టన్నులు తగ్గిస్తుంది, రూ. 12 కోట్లు ఖర్చవుతుంది. మిగిలిన లక్ష అనుమతులను (ఒక్కోటి ఒక టన్ను వదిలే హక్కు) రెండో యూనిట్‌కు రూ. 10 కోట్లకు అమ్ముతుంది. నికరంగా దాని మీద పడేది రూ. 2 కోట్లే. రెండో యూనిట్ రూ. 20 కోట్ల పనిని రూ. 10 కోట్లతో గట్టెక్కిస్తుంది. ఇద్దరికీ లాభమే, గాలిలోకి వెళ్లే కార్బన్ మాత్రం అనుకున్నంతే తగ్గింది. ఉద్గారాల వ్యాపారానికి ఉన్న బలమంతా ఈ రూ. 26 కోట్లకూ రూ. 12 కోట్లకూ మధ్య ఉన్న తేడాలో ఉంది.

ఇప్పుడు కింది రెండు వరుసలు చూడండి. వేలంతో నడిచే మార్కెట్‌కూ పన్నుకూ అంకెల్లో తేడా లేదు. ‘మార్కెట్ మేలా, పన్ను మేలా’ అని గంటల తరబడి వాదించేవారు చాలాసార్లు గమనించని సంగతి ఇది. అసలు తేడా ఉచిత అనుమతులకూ వేలానికీ మధ్య ఉంది. పరిశ్రమలు పన్నును వ్యతిరేకించి మార్కెట్‌ను స్వాగతించడానికి కారణం కూడా ఆ రూ. 180 కోట్లే.

## నేరుగా నిబంధన

ఇది అందరికీ అర్థమయ్యే పద్ధతి. ఈ తేదీలోగా ఈ పరికరం పెట్టాలి, పెట్టకపోతే జరిమానా. సాంకేతిక పరిష్కారం ఒక్కటే ఉండి, అది అందరికీ ఒకేలా వర్తించే చోట ఇది బాగా పనిచేస్తుంది. 2020 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్ 4 నుంచి ఒక్కసారిగా బీఎస్ 6 వాహనాలకు మారింది. వాహన కంపెనీలు కొన్నే, ఇంధన శుద్ధి కేంద్రాలు కొన్నే, అందుకే అది సాధ్యమైంది.

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో సల్ఫర్ డయాక్సైడ్‌ను అరికట్టే పరికరాల కథ ఇందుకు విరుద్ధం. 2015 డిసెంబరులో నిబంధన వచ్చింది, రెండేళ్లు గడువు పెట్టారు. గడువు మళ్లీ మళ్లీ వాయిదా పడింది. చివరికి 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లకు మినహాయింపే ఇచ్చారు. ఖర్చు ఒక్కో ప్లాంటుకు ఒక్కో రకంగా ఉన్నప్పుడు అందరికీ ఒకే ఆజ్ఞ వేస్తే, భారం ఎక్కువైన వాళ్లు మొత్తం నిబంధననే అడ్డుకుంటారు. అందువల్ల నష్టపోయేది అందరూ.

కార్బన్ విషయంలో ఖర్చుల తేడా ఇంకా ఎక్కువ. కాబట్టి నిబంధన ఒక్కటే ఆధారం కాకూడదు. భవనాల ఇన్సులేషన్, ఫ్యాన్లు, ఏసీల నాణ్యత వంటి చోట్ల మాత్రం దీన్ని మించినది లేదు, కొనేవాడు ప్రతిసారీ కరెంటు లెక్కలు వేసుకోడు కాబట్టి.

## కార్బన్ పన్ను

దీని గొప్పతనం సూటిదనం. బొగ్గు గనిలోంచి, చమురు ఓడలోంచి వచ్చే చోటే పన్ను వేస్తే చాలు, వేల పొగగొట్టాల దగ్గర మీటర్లు పెట్టనక్కరలేదు. వచ్చే ఐదేళ్లలో రేటు ఎలా పెరుగుతుందో చట్టంలోనే రాసిపెట్టవచ్చు. సింగపూర్ అలాగే చేసింది: 2019లో టన్నుకు 5 సింగపూర్ డాలర్లతో మొదలుపెట్టి 2024లో 25కు, 2026లో 45కు పెంచింది. స్వీడన్ 1991లోనే కార్బన్ పన్ను తెచ్చింది. ఇప్పుడది టన్నుకు వంద యూరోలు దాటింది. 1990తో పోలిస్తే అక్కడి ఉద్గారాలు మూడో వంతుకు పైగా తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ పెరుగుతూనే వచ్చింది.

లోపాలు రెండు. ఒకటి, ఉద్గారాలు ఎంత తగ్గుతాయో ముందే చెప్పలేం, ధర మాత్రమే మన చేతిలో ఉంటుంది. రెండు, పన్ను ప్రజల కళ్లకు నేరుగా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో 2018లో ఇంధన పన్ను పెంపుపై పసుపు చొక్కాల ఉద్యమం లేచాక ప్రభుత్వం పెంపును ఆపేసింది. ఆస్ట్రేలియాలో 2012 జులైలో టన్నుకు 23 ఆస్ట్రేలియా డాలర్లతో మొదలైన కార్బన్ ధర 2014 జులైలో రద్దయింది. కెనడాలో వినియోగదారులపై ఉన్న ఇంధన చార్జీని 2025 ఏప్రిల్ 1న ఎత్తేశారు. ఆ చార్జీలో అధిక భాగం కుటుంబాల ఖాతాల్లోకే తిరిగి వెళ్లేది. అయినా పెట్రోలు బంకు దగ్గర కనిపించినంతగా ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో కనిపించలేదు.

మన దేశానికీ ఈ అనుభవం ఉంది, కానీ దాన్ని మనం కార్బన్ పన్ను అని పిలవలేదు. 2010లో బొగ్గు టన్నుకు రూ. 50 సెస్సు మొదలైంది, 2016 నాటికి రూ. 400 అయింది. టన్ను బొగ్గు కాలిస్తే సుమారు ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందనుకుంటే, టన్ను కార్బన్‌కు అది దాదాపు రూ. 270. శుద్ధ ఇంధన నిధి కోసమని పెట్టిన ఆ సెస్సులో పెద్ద భాగం ఆ పనికి ఖర్చు కాలేదు. 2017లో అది జీఎస్‌టీ పరిహార సెస్సులో కలిసిపోయింది. 2025 సెప్టెంబరులో ఆ రూ. 400 తీసేసి, బొగ్గుపై జీఎస్‌టీని 5 నుంచి 18 శాతానికి మార్చారు. ఈ మార్పులో నన్ను బాధించేది ఒకటుంది. రూ. 400 అన్నది బరువు మీద పడేది. తక్కువ వేడినిచ్చే నాసి బొగ్గుకైనా, నాణ్యమైన బొగ్గుకైనా టన్నుకు అంతే. జీఎస్‌టీ ధర మీద పడుతుంది కాబట్టి చవకైన, బూడిద ఎక్కువున్న బొగ్గుకు ఇప్పుడు భారం తక్కువ. పర్యావరణం వైపు నుంచి చూస్తే ఇది వెనకడుగే.

## మొత్తానికి పరిమితి పెట్టి నడిపే మార్కెట్

ఇందులో ప్రభుత్వం ఈ ఏడాది మొత్తం ఇన్ని టన్నులే అని నిర్ణయిస్తుంది, అన్ని అనుమతులే జారీ చేస్తుంది, ఏటేటా ఆ సంఖ్యను తగ్గిస్తుంది. ధరను మార్కెట్ తేలుస్తుంది. అమెరికాలో ఆమ్ల వర్షాలకు కారణమైన సల్ఫర్ డయాక్సైడ్‌పై 1995లో మొదలైన పథకం దీనికి దారి చూపింది. ముందు వేసిన అంచనాల కంటే చాలా తక్కువ ఖర్చుతో అక్కడ లక్ష్యం నెరవేరింది.

కార్బన్‌కు పెద్ద పాఠశాల మాత్రం యూరప్. 2005లో మొదలైన ఆ మార్కెట్ తొలి ఏళ్లలో దాదాపు విఫలమైంది. పరిశ్రమలు చెప్పిన లెక్కల మీద ఆధారపడి అవసరానికి మించి అనుమతులు ఉచితంగా ఇచ్చారు. 2007లో ధర దాదాపు సున్నాకు పడిపోయింది. విద్యుత్ కంపెనీలు ఉచితంగా పొందిన అనుమతుల విలువను కూడా కరెంటు ధరలో కలిపి వినియోగదారుల నుంచి వసూలు చేసుకున్నాయి. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత ఉత్పత్తి తగ్గి అనుమతులు మరింతగా మిగిలిపోయాయి. 2013లో టన్ను ధర 5 యూరోల కంటే దిగువకు వచ్చింది. మధ్యలో పన్ను ఎగవేత ముఠాలు చొరబడ్డాయి, 2011లో అనుమతులు దొంగతనానికి గురై వ్యాపారమే కొన్నాళ్లు ఆగింది.

ఆ మార్కెట్‌ను నిలబెట్టింది మరమ్మతే. 2013 నుంచి విద్యుత్ రంగానికి ఉచితాలు చాలావరకు ఆపి వేలం పెట్టారు. 2019 నుంచి మిగులు అనుమతులను పక్కకు లాగేసే నిల్వ ఏర్పాటు చేశారు. 2023 ఫిబ్రవరిలో ధర వంద యూరోలను తాకింది. 2005తో పోలిస్తే ఈ మార్కెట్ పరిధిలోని ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇందులో సౌర, పవన విద్యుత్ రాయితీల వాటా కూడా పెద్దదే. అంతా మార్కెట్ ఘనత అనడం సరికాదు.

నేను ఎక్కువగా మెచ్చేది బ్రిటన్ చేసిన పని. 2013లో యూరప్ మార్కెట్ ధర పాతాళంలో ఉండగా బ్రిటన్ విద్యుత్ రంగంపై దానికి తోడుగా సొంత పన్ను వేసింది. అంటే మార్కెట్ ధర కింద ఒక గట్టి మెట్టు కట్టింది. 2012లో ఆ దేశపు విద్యుత్తులో దాదాపు 40 శాతం బొగ్గుదే. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. పన్నూ మార్కెట్టూ ఒకదానికొకటి పోటీ కావని, కలిపి వాడుకోవచ్చని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

## టన్ను ఉత్పత్తికి ఇంత అని నడిపే మార్కెట్

చైనా 2021 జులైలో, ఇప్పుడు మనం ఎంచుకున్నది ఇదే. ఇందులో మొత్తం ఉద్గారాలకు పరిమితి ఉండదు. టన్ను సిమెంటుకు, టన్ను అల్యూమినియంకు ఎంత కార్బన్ వదలవచ్చో నిర్దేశిస్తారు. దీన్ని ఉద్గార తీవ్రత అంటారు. 2022 నాటి ఇంధన పరిరక్షణ చట్ట సవరణతో మన పథకానికి పునాది పడింది, 2023 జూన్‌లో పథకాన్ని ప్రకటించారు. నిర్వహణ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీది, వ్యాపారంపై పర్యవేక్షణ కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలిది. లక్ష్యం చేరక, క్రెడిట్లు కూడా కొనని యూనిట్‌పై ఆ ఏడాది సగటు క్రెడిట్ ధరకు రెట్టింపు పరిహారం పడుతుంది.

దీన్ని సమర్థించేవారి వాదన తోసిపుచ్చదగింది కాదు. భారతీయుడి తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఏటా రెండు టన్నుల ప్రాంతంలో ఉంది, ప్రపంచ సగటులో సగం కంటే తక్కువ. ఇంకా ఇళ్లు, రోడ్లు, వంతెనలు కట్టుకోవలసిన దేశం మొత్తం ఉత్పత్తికి కళ్లెం వేసుకోలేదు. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామన్న మన మాట కూడా దీన్ని దృష్టిలో పెట్టుకునే ఇచ్చింది.

కానీ చిక్కు ఎక్కడుందో చూడండి. ఒక యూనిట్ టన్నుకు 0.70 నుంచి 0.65 టన్నులకు తగ్గించిందనుకుందాం, అభినందించవలసిందే. అదే సమయంలో దాని ఉత్పత్తి 10 లక్షల టన్నుల నుంచి 15 లక్షలకు పెరిగితే ఉద్గారం 7 లక్షల నుంచి 9.75 లక్షల టన్నులకు చేరుతుంది. పైగా అమ్ముకోవడానికి క్రెడిట్లు కూడా రావచ్చు.

రెండో చిక్కు తక్కువగా చర్చకు వస్తుంది. సిమెంటు బస్తా దగ్గరికి వెళదాం. టన్ను సిమెంటుకు 0.6 టన్నుల కార్బన్, టన్ను కార్బన్‌కు రూ. 1,000 పన్ను అనుకుంటే టన్ను సిమెంటుపై రూ. 600 పడుతుంది. 50 కిలోల బస్తాకు రూ. 30. అదే తీవ్రత పద్ధతిలో యూనిట్ తన లక్ష్యానికి 0.02 టన్నుల దూరంలో ఉంటే కొనవలసిన క్రెడిట్ల ఖర్చు టన్నుకు రూ. 20, బస్తాకు ఒక్క రూపాయి. కొనేవాడి జేబుకు ఇది ఊరట. కానీ బూడిద కలిపిన సిమెంటుకూ మామూలు సిమెంటుకూ మధ్య ధరలో తేడా పెరగదు. స్లాబుకు 53 గ్రేడు మామూలు సిమెంటే కావాలని పట్టుబట్టే మేస్త్రీ తన అలవాటు మార్చుకోడు. పోజొలానా సిమెంటులో 35 శాతం దాకా బూడిద కలపడానికి భారతీయ ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. రామగుండం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల దగ్గర బూడిదకు కొదవ లేదు. క్లింకర్ (సున్నపురాయిని కాల్చి తీసే సిమెంటు ముడిగడ్డ) తగ్గితే కార్బన్ తగ్గినట్టే. ఇంత సులువైన మార్పును కొనుగోలుదారు వైపు నుంచి తీవ్రత పద్ధతి కదిలించలేదు, తయారీదారును మాత్రమే కదిలిస్తుంది.

మూడోది లక్ష్యాల బిగువు. దీనికి ముందు 2012 నుంచి మన దేశంలో ఇంధన పొదుపు సర్టిఫికెట్ల పథకం నడిచింది. తొలి విడతలో పరిశ్రమలు లక్ష్యాన్ని మించి పొదుపు చేశాయి, అది మంచిదే. అయితే జారీ అయిన సర్టిఫికెట్లు దాదాపు 38 లక్షలు, కొనవలసిన అవసరం ఉన్నవి 14 లక్షల పైచిలుకే. అమ్మేవారు ఎక్కువై కొనేవారు తక్కువైతే ధర నిలవదు, నిలవలేదు. యూరప్ తొలి విడతలో చేసిన తప్పు, మనం అప్పుడు చేసిన తప్పు ఒకటే. కొత్త పథకంలో క్రెడిట్‌కు కనీస, గరిష్ఠ ధరలు పెట్టే వీలుంది. కనీస ధరను నామమాత్రంగా పెడితే మూడోసారి కూడా అదే జరుగుతుంది.

చైనా ఈ పద్ధతిలోనే ఉండిపోవడం లేదు. 2025లో ఉక్కు, సిమెంటు, అల్యూమినియం రంగాలను మార్కెట్లోకి తెచ్చింది. ఉద్గారాలు స్థిరపడిన రంగాల్లో 2027 నుంచి మొత్తం పరిమితికి మారతామని అదే ఏడాది ఆగస్టులో ప్రకటించింది. మనకూ అలాంటి తేదీ ఒకటి కావాలి. అది 2030 అయినా, 2035 అయినా ముందే తెలిస్తే, నలభై ఏళ్లు నడవబోయే బట్టీని ఇవాళ కట్టేవారు దానికి తగ్గట్టు కడతారు.

## పక్కపక్కన పెడితే

| ప్రమాణం | నిబంధన | పన్ను | మొత్తం పరిమితి మార్కెట్ | తీవ్రత మార్కెట్ |
|---|---|---|---|---|
| మొత్తం ఉద్గారాలపై హామీ | అమలును బట్టి | లేదు | ఉంది | లేదు |
| సమాజానికి ఖర్చు | ఎక్కువ | తక్కువ | తక్కువ | మధ్యస్థం |
| ధర ముందే తెలియడం | ప్రశ్న లేదు | పూర్తిగా | కనీస ధర ఉంటేనే | కనీస ధర ఉంటేనే |
| పాలనా భారం | ఎక్కువ | తక్కువ | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ |
| ఖజానాకు రాబడి | లేదు | ఉంది | వేలం ఉంటేనే | దాదాపు లేదు |
| రాజకీయంగా నిలవడం | వాయిదాలు | కష్టం | మధ్యస్థం | సులువు |

చివరి వరుసనూ మొదటి వరుసనూ కలిపి చదవండి. సులువుగా నిలిచేది హామీ ఇవ్వడం లేదు.

## పొగగొట్టం పక్కన ఉండేవారి సంగతి

మార్కెట్‌పై నైతికంగా వచ్చే పెద్ద అభ్యంతరం ఇది: డబ్బున్నవాడు క్రెడిట్లు కొనుక్కుని పొగ వదులుతూనే ఉంటే, ఆ ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఊళ్ల గతి ఏమిటి? కార్బన్ డయాక్సైడ్ వరకు చూస్తే అది మట్టంపల్లిలో తగ్గినా మధ్యప్రదేశ్‌లో తగ్గినా భూతాపానికి తేడా ఉండదు. కానీ బొగ్గు పొగలో కార్బన్ ఒక్కటే రాదు, దుమ్ము, సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. అవి ఆ ఊరి వాళ్ల ఊపిరితిత్తుల్లోకే వెళతాయి. కార్బన్ మార్కెట్ వాటిని చూడదు. కాబట్టి దుమ్ముధూళి నిబంధనలు మార్కెట్‌తో సంబంధం లేకుండా గట్టిగా ఉండి తీరాలి. కార్బన్ క్రెడిట్ కొన్నామన్నది వాటికి సాకు కాకూడదు.

అసలు మన దగ్గర మార్కెట్ నడపగలమా అని అనుమానించేవారికి సూరత్ జవాబు. అక్కడ 2019లో బొగ్గు కాల్చే 317 ఫ్యాక్టరీలపై ప్రయోగం జరిగింది. వీటిలో దాదాపు సగాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి దుమ్ము ఉద్గారాల మార్కెట్‌లో పెట్టారు, తక్కినవి పాత నిబంధనల్లోనే ఉన్నాయి. దుమ్ముకు సంబంధించి ప్రపంచంలోని తొలి మార్కెట్లలో అదొకటి. అందులోని ఫ్యాక్టరీల్లో దుమ్ము 20 నుంచి 30 శాతం తగ్గింది, 99 శాతం సందర్భాల్లో నియమం పాటించారు, తగ్గింపు ఖర్చు కూడా తగ్గింది. రహస్యం ఏమిటంటే, పొగగొట్టంలోనే అమర్చిన యంత్రాలు నిరంతరం కొలిచేవి, మొత్తానికి గట్టి పరిమితి ఉండేది, ముందే కట్టించుకున్న డిపాజిట్ నుంచి జరిమానా పట్టుకునేవారు. కోర్టుల చుట్టూ తిరిగే పని లేదు.

## ఆఫ్‌సెట్‌లు

ఆదిలాబాద్ ప్రాంతంలోని పవర్‌గూడ అనే చిన్న గిరిజన గ్రామం మహిళలు కానుగ నూనె ద్వారా ఆదా అయ్యే 147 టన్నుల కార్బన్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. టన్నుకు నాలుగు డాలర్ల పైచిలుకు. ఆ డబ్బు నిజంగా ఊరికి చేరింది, అది సంతోషించదగిన విషయం.

పెద్ద ఎత్తున నడిచిన ఆఫ్‌సెట్‌ల చరిత్ర మాత్రం ఇంత శుభ్రంగా లేదు. ఉద్గారాల తగ్గింపుపై దేశాలు కుదుర్చుకున్న క్యోటో ఒప్పందం కింద, శీతలీకరణ వాయువుల తయారీలో పుట్టి భూతాపాన్ని బాగా పెంచే హెచ్‌ఎఫ్‌సీ 23 అనే ఉప ఉత్పత్తిని ధ్వంసం చేసినందుకు చైనా, భారత్‌లోని ప్లాంట్లకు భారీగా క్రెడిట్లు దక్కాయి. అసలు సరుకు కంటే ఆ క్రెడిట్లే లాభసాటి కావడంతో 2013లో యూరప్ వాటిని నిషేధించింది. జరగకపోయి ఉంటే ఏమయ్యేది అన్న ఊహ మీద నిలిచే క్రెడిట్‌ను ఎప్పుడూ అనుమానంగానే చూడాలి.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

లక్ష్యాలు ప్రకటించిన రంగాల్లో పెద్ద ఫ్యాక్టరీ నడిపేవారైతే, మీకు వేరే ఎంపిక లేదు, తీవ్రత మార్కెట్‌లోనే ఉన్నారు. 2023-24 నాటి ఉద్గారమే ఆధారం, 2025-26, 2026-27 సంవత్సరాలకు లక్ష్యాలు వచ్చేశాయి. క్రెడిట్ ధర పడిపోతుందన్న ఆశతో కొనడానికే సిద్ధపడటం నాకు తెలివైన పనిగా తోచదు. వృథా వేడితో విద్యుత్ తీయడం, క్లింకర్ వాటా తగ్గించడం ఎలాగూ బొగ్గు బిల్లును తగ్గిస్తాయి. క్రెడిట్ దాని మీద అదనం.

యూరప్‌కు ఉక్కు, అల్యూమినియం, ఫాస్టెనర్లు ఎగుమతి చేసేవారైతే, మీకు పన్ను లేదా వేలమే మేలు, వినడానికి వింతగా ఉన్నా. ఇక్కడ నిజంగా చెల్లించిన కార్బన్ ధరను అక్కడి సుంకం నుంచి మినహాయిస్తారు. ఉచితంగా వచ్చినదానికి మినహాయింపు ఉండదు. మన ఖజానాకు కట్టని డబ్బును యూరప్ ఖజానాకు కట్టవలసి వస్తుంది. మీ సరుకులోని ఉద్గారాలను ధ్రువీకరించిన సొంత లెక్కలతో చూపలేకపోతే, అక్కడివారు నిర్ణయించిన అంకెలే వర్తిస్తాయి. అవి మీకు అనుకూలంగా ఉండవు. అందుకే ముందు కొలత మీద ఖర్చు పెట్టండి.

చిన్న పరిశ్రమ అయితే, మార్కెట్ మీకు తగదు. ఒక ఫౌండ్రీకో రైస్ మిల్లుకో ధ్రువీకరణ ఖర్చే క్రెడిట్ విలువను మించిపోతుంది. ఇంధనం మీద తేలికపాటి పన్ను, ఆ డబ్బుతోనే మెరుగైన మోటార్లకు, బాయిలర్లకు రాయితీ ఇస్తే మీకు న్యాయం జరుగుతుంది. సంఘాలుగా అడగవలసింది ఇదే.

మామూలు కుటుంబమైతే, పన్ను అనగానే కోపం రావడం సహజం. అయితే ఉచిత అనుమతుల మార్కెట్‌లో కూడా ఖర్చు మీ మీదకే రావచ్చని యూరప్ విద్యుత్ కంపెనీలు చూపించాయి. అప్పుడు లాభం కంపెనీది, పన్నయితే కనీసం ప్రభుత్వం దాన్ని తిరిగి ఇవ్వగలదు. నేరుగా ఖాతాలకు సొమ్ము పంపే వ్యవస్థ మన దేశంలో ఇప్పటికే ఉంది. బొగ్గు సెస్సులా వేరే ఖర్చుల్లో కరిగిపోకుండా, ఏటా ఎంత వసూలైంది, ఎంత తిరిగి ఇచ్చారు అన్నది బిల్లు మీదే కనిపించాలని అడగండి.

సివిల్స్ అభ్యర్థి అయితే, 1974లో ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ తేల్చిన తేడా గుర్తుంచుకోండి. ఒక హద్దు దాటితే నష్టం ఒక్కసారిగా పెరిగే కాలుష్యానికి పరిమాణాన్ని బిగించాలి. తగ్గించే ఖర్చు ఒక్కసారిగా పెరిగే చోట ధరను బిగించాలి. కార్బన్ గాలిలో దశాబ్దాలుగా పేరుకునేది, ఒక్క ఏడాది అటూ ఇటూ అయితే కొంప మునగదు. అందువల్ల చాలామంది ఆర్థికవేత్తలు ధర వైపు మొగ్గుతారు. జవాబులో దీన్ని రాసి ఆగిపోకుండా, మన మార్కెట్‌కు గట్టి కనీస ధర పెడితే అది సగం పన్నులా పనిచేస్తుందని కూడా రాయండి.

కార్బన్ క్రెడిట్ పేరుతో ఒప్పందం తెచ్చిన కంపెనీ ముందు కూర్చున్న రైతు అయితే, సంతకానికి ముందు నాలుగు సంగతులు కాగితం మీద తెలుగులో రాయించుకోండి: క్రెడిట్ అమ్మిన ధరలో మీ వాటా ఎంత శాతం, డబ్బు ఏ నెలలో వస్తుంది, చెట్టు ఎండిపోతే లేదా మీరు వేరే పంటకు మారితే జరిమానా ఉందా, ఒప్పందం ఎన్నేళ్లు. భూమిపై హక్కులో చిన్న మార్పు ఉన్నా, పొలం కౌలుకు ఇవ్వడానికో అమ్మడానికో కంపెనీ అనుమతి కావాలన్నా సంతకం పెట్టవద్దు. వరిలో నీటిని ఆరబెట్టి మళ్లీ కట్టే పద్ధతిలో మీథేన్ తగ్గుతుంది, నీరూ కరెంటూ మిగులుతాయి. క్రెడిట్ డబ్బు రాకపోయినా ఆ లాభం మీదే. అలాంటి పనికే ఒప్పుకోండి.